షట్టర్ దించాక ఇల్లు నడిచేదెలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దుకాణాల గురించే ఉన్నాయి. షాపు నడవడం లేదు, మూస్తే ఏం తినాలి, మూయకపోతే ఎంతవరకు లాగాలి అని అడిగారు. నేను 31 ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం నల్గొండ, పాలమూరు బ్రాంచీల్లోనే గడిచింది. లోను కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు మనిషి ముఖంలో ఉండే ఆశ చూశాను. మూడేళ్ళకు అదే మనిషి బ్రాంచి ముందు నుంచి పోలేక పక్క సందులోంచి పోవడమూ చూశాను. అందుకే ఈసారి బంగారం లోన్లు, నామినీ మార్పుల సంగతి వచ్చే నెలకు ఉంచి, ఈ నాలుగు ఉత్తరాలకే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, నాకు 46 ఏళ్ళు. మహబూబ్‌నగర్‌లో పాత కలెక్టరేట్ దగ్గర 2009 నుంచి జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. 2022 డిసెంబర్‌లో కలెక్టరేట్ ఊరవతల పాలకొండకు పోయింది. దాంతో పాటే నా గిరాకీ పోయింది. కలర్ మెషీన్ పెడితే కోలుకుంటానని 4 లక్షల ముద్రా లోను తీసుకున్నాను. ఇంకా 2 లక్షల 30 వేలు ఉంది, కిస్తీ 8,700. కిరాయి 9 వేలు, కరెంటు, టోనరు పోను నాకు మిగిలేది 8 వేలు. అంటే కిస్తీకే సరిపోదు. ఇల్లు మా ఆవిడ కుట్టుమిషను మీద నడుస్తోంది. ఆమె గొలుసు కూడా తాకట్టులో ఉంది. పాప బీఫార్మసీ, బాబు ఇంటర్. ఉద్యోగం పోయిన వాళ్ళకు గవర్నమెంటు మూడు నెలలు సగం జీతం ఇస్తుందని విన్నాను. మాలాంటి వాళ్ళకు ఏమైనా ఉందా? వ్యాపారం మూతపడితే కిస్తీలు కట్టే పాలసీ ఉందని ఒక ఏజెంటు చెప్తున్నాడు, తీసుకోవచ్చా? అసలు షాపు మూయాలా? షాపు పెట్టకముందు జడ్చర్ల దగ్గర ఒక మిల్లులో ఆరేళ్ళు చేశాను, పీఎఫ్ కోసేవాళ్ళు.

జవాబు: తమ్ముడూ, ముందు చేదు మాట చెప్పేస్తాను. మన దేశంలో సొంత షాపు మూతపడిన మనిషికి నెలనెలా డబ్బు ఇచ్చే పథకం లేదు. కేంద్రంలో లేదు, రాష్ట్రంలో లేదు. మీరు విన్నది కార్మికుల బీమా చూసే ఈఎస్ఐ వాళ్ళ అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018లో మొదలైంది. ఈఎస్ఐ చందా కడుతున్న కార్మికుడి ఉద్యోగం పోతే, సగటు రోజు కూలిలో సగం చొప్పున 90 రోజుల వరకు ఇస్తారు. గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్న పథకం అది. మీ ఇంట్లో, చుట్టాల్లో ఈఎస్ఐ ఉన్న పిల్లలెవరికైనా ఉద్యోగం పోతే, ఇప్పుడు అమల్లో ఉందా అని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగమనండి. మీకు మాత్రం అది వర్తించదు. పదిమందో అంతకన్నా ఎక్కువమందో పనిచేసే చోట, 21 వేల లోపు జీతం ఉన్నవాళ్ళకు ఈఎస్ఐ ఉంటుంది. షాపు యజమాని ఆ లెక్కలోకి రాడు.

నాకు మనసుకు కష్టంగా తోచేది ఏమిటంటే, చట్టం మిమ్మల్ని గుర్తించకుండా ఏమీ లేదు. 2008లో అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టం తెచ్చినప్పుడే స్వయం ఉపాధి మీద బతికేవాళ్ళను కూడా అందులో కలిపారు. ప్రాణానికి బీమా, అంగవైకల్యానికి బీమా, ఆరోగ్యం, ప్రసూతి, ముసలితనం అన్నీ రాశారు. పని పోతే ఏమిటన్నది మాత్రం ఆ వరసలో లేదు. చిన్న వ్యాపారులకని 2019లో పెట్టిన పింఛను పథకం ఉంది. టర్నోవరు కోటిన్నర దాటకూడదు, 60 దాటాక నెలకు 3 వేలు వస్తాయి. అందులో చేరాలంటే వయసు 18 నుంచి 40 మధ్య ఉండాలి, మీకు దాటిపోయింది.

ఏజెంటు చెప్పిన పాలసీ వద్దు. ఉద్యోగం పోతే కొన్ని కిస్తీలు కట్టే కవర్లు ఉన్న మాట నిజమే. అవి హోమ్ లోన్ల వెంట జీతగాళ్ళకు అమ్మేవి. స్వయం ఉపాధి వాళ్ళకు వర్తించదని ఆ కాగితాల్లోనే రాసి ఉంటుంది. ఏజెంటును ఆ పాలసీ షరతుల కాగితం తెమ్మనండి, ఏవి వర్తించవో రాసిన పేజీ మీరే చదవండి. షాపుకు అగ్గి అంటుకుంటేనో, వరద వస్తేనో ఆదుకునే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ 2021 నుంచి ఉంది, అది మంచిదే. కానీ కలెక్టరేట్ ఊరవతలికి పోయినందుకు ఏ బీమా కంపెనీ పైసా ఇవ్వదు.

ఇక లోను. అసలు పని ఇక్కడే ఉంది, తొందరగా చేయవలసిందీ ఇదే. కిస్తీ తేదీ దాటాక 30 రోజుల వరకు బ్యాంకు పుస్తకాల్లో మీ ఖాతా ఒక మెట్టు మీద ఉంటుంది. 31 నుంచి 60 వరకు రెండో మెట్టు, 61 నుంచి 90 వరకు మూడో మెట్టు. 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆ ముద్ర పడ్డాక మేనేజరు మంచివాడైనా చేయగలిగేది తగ్గిపోతుంది, అప్పులు ఎలా కట్టారో చూపే మీ సిబిల్ స్కోరు కూడా పోతుంది. చాలామంది మా దగ్గరికి వచ్చేది ఆ ముద్ర పడ్డాకే. ఇబ్బందుల్లో ఉన్న చిన్న పరిశ్రమలు, వ్యాపారాల లోన్లను ఎలా సర్దుబాటు చేయాలో రిజర్వు బ్యాంకు 2016లో ఒక పద్ధతి పెట్టింది. బ్యాంకు పిలిచేదాకా ఆగక్కర్లేదు, అప్పు తీసుకున్నవాడే అర్జీ పెట్టుకోవచ్చు. 10 లక్షల లోపు అప్పు మీద ఏం చేయాలో తేల్చే అధికారం బ్రాంచి మేనేజరుకే ఉంది. హైదరాబాద్ నుంచి అనుమతి రావాలని ఎవరైనా అంటే, ఈ 10 లక్షల మాట మర్యాదగా గుర్తుచేయండి. మీది చిన్న వ్యాపారమని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే ముందు అది చేయించుకోండి. అది పూర్తిగా ఉచితం. దానికి వెయ్యి, రెండు వేలు అడిగేవాళ్ళ మాట వినకండి.

అర్జీలో ఏం రాయాలంటే: కలెక్టరేట్ తరలిపోయిన తేదీ, అంతకుముందు నెలకు ఎంత మిగిలేది, ఇప్పుడెంత మిగులుతోంది. ఇంతే, ఒక్క పేజీలో. కలర్ మెషీన్ అమ్మి కొంత అప్పు తీరుస్తానని, మిగతాది చిన్న కిస్తీలుగా మార్చమని అడగండి. ఒక లెక్క చెప్తాను. మెషీనుకు 90 వేలు వచ్చాయనుకుందాం. అప్పు 1 లక్షా 40 వేలకు దిగుతుంది. నూటికి ఏడాదికి 11 మిత్తి వేసుకుని మూడేళ్ళు పెడితే కిస్తీ సుమారు 4,600. ఇప్పుడు కట్టేదానిలో దాదాపు సగం. ఒక్క జాగ్రత్త. ఆ మెషీను బ్యాంకు పేరున హైపోతికేషన్‌లో ఉంటుంది, అంటే మీ దగ్గరే ఉన్నా బ్యాంకుకు తాకట్టులో ఉన్నట్టే. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకముందు దాన్ని అమ్మితే తప్పు మీ మీదికి వస్తుంది. నేను మేనేజరుగా ఉన్నప్పుడు ఒకాయన వడ్ల పొట్టు మెషీన్ అలాగే అమ్మేశాడు. ఆ డబ్బుతో పాప పెళ్ళి చేశాడు, మోసం చేయాలని కాదు. అయినా కేసు దాకా వెళ్ళింది. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

పాత అప్పు కట్టడానికి కొత్త అప్పు మాత్రం తేకండి. ముఖ్యంగా పొద్దున ఇచ్చి రోజూ సాయంత్రం వసూలు చేసుకునే డైలీ ఫైనాన్స్ జోలికి పోవద్దు. దాని మిత్తిని తట్టుకునే లాభం ఏ జిరాక్స్ షాపులోనూ లేదు.

షాపు మూయాలా అని అడిగారు. మూయండి. మీ పనిని మాత్రం మూయకండి, షాపు వేరు, పని వేరు. 9 వేల కిరాయి కడుతున్నది కలెక్టరేట్ ఎదుట ఉన్నందుకు, ఆ కలెక్టరేట్ ఇప్పుడు అక్కడ లేదు. పదిహేనేళ్ళకు పైగా అను ఫాంట్లలో టైపు చేసిన చేతులు మీవి. ప్రైవేటు బడుల ప్రశ్నపత్రాలు, పెళ్ళి పత్రికలు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఇంట్లో ఒక కంప్యూటరు, ఒక నలుపు తెలుపు మెషీను పెట్టుకుని చేయొచ్చు. మీ ఆవిడ కుట్టుమిషను పక్కనే. కిరాయి 9 వేలు మిగలడమంటే నెలకు 9 వేలు సంపాదించినట్టే.

మూసేటప్పుడు కాగితాలు కూడా మూయాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. మన రాష్ట్రంలో టర్నోవరు 20 లక్షల లోపుంటే జీఎస్టీ అక్కర్లేదు, కానీ ఆఫీసుల బిల్లుల కోసం మీరు నంబరు తీసుకునే ఉంటారు. వ్యాపారం ఆపిన 30 రోజుల్లో రద్దుకు దరఖాస్తు పెట్టండి. రద్దయ్యాక మూడు నెలల్లో చివరి రిటర్ను వేయాలి. రద్దు చేయకుండా వదిలేస్తే, ఒక్క రూపాయి వ్యాపారం లేకున్నా రిటర్ను వేయనందుకు రోజుకు 20 రూపాయల చొప్పున లేటు ఫీజు పెరుగుతూ ఉంటుంది. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, కరెంటు కమర్షియల్ మీటరు, బ్యాంకులో షాపు పేరున ఉన్న కరెంట్ అకౌంటు కూడా చూసుకోండి. మడిగె ఓనరు దగ్గర అడ్వాన్సు ఉంటే, ఖాళీ చేస్తున్నట్టు రాసిచ్చి దాని కాపీ మీద ఆయన సంతకం తీసుకోండి.

ఇప్పుడు మీ పాత పీఎఫ్. ఉత్తరం చివర ఏదో మాటల్లో రాసినట్టు రాశారు గానీ, నాకు మొదట కనిపించింది అదే. పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి మనిషికి ఒకటే ఇచ్చే యూఏఎన్ నంబర్లు 2014లో వచ్చాయి. మీ సర్వీసు 2009కి ముందుది, కాబట్టి ఫోనులో వెతికితే దొరకకపోవచ్చు. పాత జీతం చిట్టీ మీదనో, పీఎఫ్ స్లిప్పు మీదనో ఉన్న ఖాతా నంబరు కావాలి. అది దొరకకపోతే మీతో పనిచేసినవాళ్ళ నంబరు చూసి కంపెనీ కోడ్ పట్టుకోవచ్చు. ఆ డబ్బు తీసుకోకుండా షాపు పెట్టి ఉంటే, మిత్తితో అక్కడే ఉంటుంది. పింఛను భాగం కూడా ఉంది. పదేళ్ళ సర్వీసు నిండలేదు కనుక దాన్నీ ఒకేసారి తీసుకునే వీలుంది. ఈ ఆదివారం బీరువా పై అరలు దింపి వెతకండి. వచ్చేది ఎంతైనా సరే, మొదట మీ ఆవిడ గొలుసు విడిపించండి.

ప్రశ్న: సార్, ఊరి పేరు వేయకండి. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక మున్సిపాలిటీ మాది. బస్టాండు దగ్గర 11 ఏళ్ళుగా ఇడ్లీ బండి నా బతుకు. మా ఆయన నడుము దెబ్బతిని హమాలీ పని మానేశాడు. పోయిన నెల మోరీ పని ఉందని పొద్దున్నే వచ్చి బండి ఎత్తుకపోయారు. ముందు చెప్పలేదు. తొమ్మిది రోజులు తిరిగితే ఇచ్చారు, గ్యాసు పొయ్యి వంగిపోయింది. వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి లోను 10 వేలు, తర్వాత 20 వేలు రెండూ కట్టేశాను. గుర్తింపు కార్డు ఉంది. నా తొమ్మిది రోజుల కూలి ఎవరిస్తారు? (మా పాపతో రాయించాను.)

జవాబు: అమ్మా, పాప చక్కగా రాసింది. తొమ్మిది రోజుల గిరాకీకి డబ్బిచ్చే పథకం లేదు. కానీ ఇంకోసారి ఇలా జరగకుండా ఆపగల చట్టం మీ చేతిలో ఉంది. దాని పేరు వీధి వ్యాపారుల చట్టం, 2014లో వచ్చింది. అమ్ముకునే ధ్రువపత్రంలో రాసిన చోటు నుంచి మిమ్మల్ని కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సామాను తీసుకుపోతే అక్కడికక్కడే జాబితా రాసి, సంతకంతో మీకు ఒక కాపీ ఇవ్వాలి. పాడైపోని సామానైతే మీరు అడిగిన రెండు పనిదినాల్లో, పాడైపోయేదైతే అదే రోజు తిరిగివ్వాలి. తొమ్మిది రోజులు తిప్పడం చట్ట ప్రకారం తప్పు.

ముందు మీ చేతిలో ఉన్నది గుర్తింపు కార్డు ఒక్కటేనా, అమ్మకం ధ్రువపత్రం కూడా ఉందా చూడండి. రెండూ ఒకటి కాదు. ధ్రువపత్రం లేకపోతే పట్టణ పేదల పథకాలు చూసే మెప్మా వాళ్ళను అడిగి దరఖాస్తు పెట్టండి. మీరు కూర్చునే చోటు అందులో రాయించుకోవాలి. ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో నూటికి 40 మంది తక్కువ కాకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. మీ ఊళ్ళో ఆ సభ్యులెవరో కనుక్కోండి. బస్టాండు దగ్గరి పది బండ్ల వాళ్ళు కలిసి వెళ్తే మాట వింటారు. వినకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్ళకు ఆదాయం ఎంతని అడగకుండానే ఉచితంగా వకీలును పెడతారు. వంగిన పొయ్యిని అమ్మకండి, ఫొటో తీసి పెట్టుకోండి.

లోను సంగతి. రెండు విడతలు కట్టేశారు గనుక మూడో విడతగా 50 వేల వరకు అడగొచ్చు. 2025లో ఈ పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు, రెండో విడత తీర్చినవాళ్ళకు యూపీఐతో వాడే క్రెడిట్ కార్డు కూడా పెట్టారు. కార్డు జోలికి ఇప్పుడే పోకండి. 50 వేలు కూడా బండికి, పొయ్యికి, పిండి గ్రైండరుకు అవసరమైతేనే తీసుకోండి. ఇంటి ఖర్చుకు తీసుకుంటే ఆ కిస్తీ కూడా ఇడ్లీల మీదే పడుతుంది. మరొకటి, మీ బ్యాంకు పాసుబుక్కులో 20 రూపాయలు, 436 రూపాయలు కోసిన ఎంట్రీలు ఉన్నాయా పాపను చూడమనండి. మొదటిది ప్రమాద బీమా, రెండోది జీవిత బీమా. రెండూ రెండేసి లక్షలకు ఉంటాయి. ఇంటికి మీరొక్కరే ఆధారం కనుక రెండూ ఉండాలి. మీ ఆయన నడుముకు ఆరోగ్యశ్రీలో చూపించారా? అందులో 10 లక్షల దాకా ఉంది. బయట ప్రైవేటులో ఎంఆర్ఐకి అప్పు చేయకముందే నెట్‌వర్కు ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి.

ప్రశ్న: సార్, గద్వాలలో నాకు చీరల షాపు. వయసు 33. మా మేనమామ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. కరోనాలో అక్కడ క్యాబులు నడిపేవాళ్ళకు, చిన్న షాపుల వాళ్ళకు గవర్నమెంటు వారం వారం డబ్బు వేసిందట. నిజమేనా? మన దగ్గర ఎందుకు లేదు? ఇప్పుడు నా షాపు బాగానే నడుస్తోంది. రేపటి కోసం ఏం చేయాలి?

జవాబు: నిజమే. అమెరికాలో 2020 మార్చిలో ప్రత్యేకంగా చట్టం చేసి సొంత పని చేసుకునేవాళ్ళకు కూడా నిరుద్యోగ భృతి ఇచ్చారు. కానీ అది కరోనా కోసం పెట్టింది, 2021 సెప్టెంబరులో ఆపేశారు. శాశ్వతంగా ఉన్న దేశాలు వేరే ఉన్నాయి. దక్షిణ కొరియాలో 50 మంది లోపు పనివాళ్ళు ఉన్న యజమానులు 2012 నుంచి ఉపాధి బీమాలో ఇష్టపడి చేరొచ్చు. కనీసం ఏడాది చందా కట్టి, నష్టాల వల్ల తప్పక మూశామని చూపిస్తే కొన్ని నెలలు డబ్బు వస్తుంది. జర్మనీలో ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టినవాళ్ళు, పెట్టిన మూడు నెలల్లోపు అడిగితే నిరుద్యోగ బీమాను కొనసాగించుకోవచ్చు. కెనడాలోనూ స్వయం ఉపాధి వాళ్ళను చేర్చుకుంటారు. అయితే జబ్బు, కాన్పు, ఇంట్లోవాళ్ళ సేవ వంటి వాటికే ఇస్తారు, షాపు మూసినందుకు ఇవ్వరు. ఎక్కడైనా కష్టమైన ప్రశ్న ఒకటే. జీతగాడిని పనిలోంచి తీసేశారని ఇంకొకరు కాగితం ఇస్తారు. షాపు మూసింది నష్టం వల్లో, విసుగు వల్లో ఎవరు తేల్చాలి? అందుకే ఈ మూడు దేశాల్లో ముందు నుంచి చందా కట్టినవాళ్ళకే ఇస్తున్నారు.

మన దగ్గర ఎందుకు లేదంటారా, అలాంటిది కొంత ఉంది, మీ షాపులో చీరలు ఎవరు నేస్తున్నారో వాళ్ళను అడగండి. చేనేత కార్మికులకు 2017లో పోచంపల్లిలో పొదుపు పథకం మొదలుపెట్టారు. నేతగాడు తన కూలిలో నూటికి 8 వేస్తే, రాష్ట్ర ప్రభుత్వం దానికి రెట్టింపు, 16 వేస్తుంది. గడువు తీరాక మొత్తం తీసుకోవచ్చు. 2020లో లాక్‌డౌన్‌కు మగ్గాలు ఆగినప్పుడు, గడువు తీరకముందే తీసుకోనిచ్చారు. నేసే పని లేని రోజుల్లో ఆ డబ్బే వాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. నా మటుకు నాకు, పని పోయిన రోజు కోసం మన రాష్ట్రంలో జరిగిన మంచి పనుల్లో ఇదొకటి. టైలర్లకు, జిరాక్స్ షాపులకు, మెకానిక్కులకు ఇలాంటిదే పెట్టమని వ్యాపార సంఘాలు అడగాలి. గద్వాల వర్తక సంఘంలో మీరు సభ్యులై ఉంటారు, ఈ మాట అక్కడ మీరే మొదలుపెట్టండి.

అది వచ్చేదాకా మీ 8 మీరే వేసుకోవాలి. నేను చూసిన షాపుల్లో మూతపడ్డాక కూడా తట్టుకున్నవాళ్ళు దాదాపు అందరూ ఒకే పని చేశారు. గల్లా పెట్టెను ఇంటి నుంచి విడదీశారు. మీకు మీరు జీతం పెట్టుకోండి. నెలకు 20 వేలు అనుకుంటే, ఒకటో తారీఖున 20 వేలే ఇంటికి తీసుకెళ్ళండి. పండగ నెలలో గల్లా నిండినా అంతే. చుట్టాల పెళ్ళికి చీర కావాలన్నా మీ జీతంలోంచే కొని బిల్లు రాసుకోండి. ఇలా ఆరు నెలలు చేస్తే, షాపు నిజంగా సంపాదిస్తోందా, సరుకు పెట్టుబడినే మీరు తింటున్నారా తెలుస్తుంది. తర్వాత రోజూ అమ్మకంలో కొంత, చిన్నదైనా సరే, వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, మూడు నెలల మడిగె కిరాయి నిండేదాకా దాన్ని ముట్టొద్దు. ఊళ్ళో నడిచే రిజిస్టరు కాని చిట్టీలో ఆ డబ్బు పెట్టొద్దు. మీ షాపు కష్టంలో ఉన్న రోజే చిట్టీ నడిపేవాడి షాపు కూడా కష్టంలో ఉంటుంది.

పెళ్ళయి ఉంటే ఇంకో రెండు సంగతులు చెప్తాను. వ్యాపారులకు ఇవి తెలియాలి. పీపీఎఫ్‌లో వేసిన డబ్బును అప్పులవాళ్ళు కోర్టు డిక్రీ తెచ్చినా జప్తు చేయలేరు. పదిహేనేళ్ళ ఖాతా అయినా ఐదేళ్ళు దాటాక కొంత తీసుకోవచ్చు. రెండోది, 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం. జీవిత బీమా తీసుకునేటప్పుడు ఆ చట్టం కింద భార్యాపిల్లల పేరున రాయిస్తే, ఆ పాలసీ డబ్బు మీ వ్యాపార అప్పులకు పోదు. ఇది పాలసీ తీసుకునే రోజే రాయాలి, తర్వాత కుదరదు. మొదటి జవాబులో చెప్పిన చిన్న వ్యాపారుల పింఛను పథకానికి మీ వయసు ఇంకా సరిపోతుంది. 40 దాటకముందే చేరండి.

ప్రశ్న: అన్నగారూ, దేవరకొండ నుంచి రాస్తున్నాను. మా ఆయనకు 41. రెడీమేడ్ బట్టల షాపు. అందరూ ఫోన్లోనే కొంటున్నారు. రోజూ తొమ్మిదింటికి షట్టర్ ఎత్తి, రాత్రి తొమ్మిదికి వస్తారు. ఎంత అమ్మారంటే చెప్పరు. రాత్రి నిద్ర లేదు. మూసేద్దాం, నేను కూడా ఏదైనా పని చూసుకుంటాను అంటే కోపం. ఏం చేయాలి?

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండు రోజులు నా బల్ల మీదే ఉంది. మా నాయినకు నకిరేకల్‌లో కిరాయి సైకిళ్ళ షాపు ఉండేది. పద్నాలుగు సైకిళ్ళు. లూనాలు, మోపెడ్లు వచ్చాక ఎవరూ కిరాయికి తీసుకోలేదు. నేను అప్పుడు నల్గొండ ఎన్జీ కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. నాలుగు నెలలు మా అమ్మకు కూడా చెప్పకుండా, ఒక సేటు దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి, షాపులో వచ్చిన కిరాయేనని చేతిలో పెట్టేవాడు. ఒకరోజు సెలవులకు ఇంటికి వెళ్ళి షాపులో కూర్చుంటే, ఆయన రాసుకునే నోటుపుస్తకం దొరికింది. ఎవరు ఎన్ని గంటలు సైకిలు తీసుకున్నారో రాసే పుస్తకం అది. ఆ నెల పేజీల్లో తారీఖులు తప్ప ఏమీ లేవు. ఖాళీగా ఉన్నా రోజూ తారీఖు వేశాడు.

ఆ పుస్తకం చూశాక నాకు అర్థమైంది, ఆయనకు షాపు మూయడమంటే సైకిళ్ళు అమ్మడం కాదు. పొద్దున లేచి ఎక్కడికి పోవాలన్న భయం. మీ ఆయనకు కూడా అదే ఉండొచ్చు. అందుకని మూసేద్దామని మొదలుపెట్టకండి. ఈ నెల నుంచి మూడు నెలలు ఇద్దరం కలిసి లెక్క రాద్దామని అడగండి. ఒక వైపు అమ్మకం, ఒక వైపు కిరాయి, కరెంటు, పనిపిల్లవాడి జీతం, ఉద్దెర. ఉద్దెర వేరే పేజీలో పేర్లతో రాయండి. బట్టల షాపుల్లో ఎంతో డబ్బు ఊళ్ళోనే ఉండిపోతుంది, దసరా లోపు మీరే వెళ్ళి మెల్లగా అడిగితే కొంత వస్తుంది. అప్పు ఎవరి దగ్గర ఎంత ఉందో అడిగే ముందు, ఎంత ఉన్నా నేను తిట్టనని చెప్పండి. చెప్పి, తిట్టకండి. మిగిలిన సరుకును పండగ ముందు తగ్గింపుకు అమ్మేయాలి. పండగ దాటితే ఆ సరుకు విలువ సగం కూడా ఉండదు.

మీరు పని చూసుకుంటానన్నారు కదా, అది ఆయన ఒప్పుకున్నాక మొదలుపెట్టాలని ఆగకండి. మహిళా సంఘంలో ఉంటే అప్పిచ్చే స్త్రీనిధి ఉంది. లేకున్నా, ఇంట్లోకి రెండో ఆదాయం నెలకు 5 వేలైనా మొదలైతే, ఆయన కోపం కొంత దిగుతుంది. మా అమ్మ బీడీలు చుట్టడం మొదలుపెట్టిన నెలలోనే నాయిన సేటు అప్పు సంగతి నోరు విప్పాడు.

నిద్ర లేకపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. బతికి ఏం లాభం లాంటి మాట ఒక్కసారి అన్నా, 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఆయన చేయకపోతే మీరే చేసి ఎలా మాట్లాడాలో అడగొచ్చు. అలాంటి రోజుల్లో రాత్రిపూట ఆయనను ఒంటరిగా షాపులో ఉండనివ్వకండి. ఏడింటికి టీ తీసుకుని మీరే వెళ్ళండి, షట్టర్ ఇద్దరూ కలిసి దించి ఇంటికి రండి.

ఇంకో చిన్న మాట. మడిగె అడ్వాన్సు రసీదు ఎక్కడుందో ఈ వారమే చూసి పెట్టుకోండి. దొరక్కపోతే, ఇప్పుడు కిరాయి కట్టే రోజు ఓనరుతో అడ్వాన్సు ఇంత ఉందని కిరాయి పుస్తకంలో రాయించి సంతకం తీసుకోండి. షాపు నడుస్తున్నప్పుడు ఆ సంతకం ఎవరైనా పెడతారు.